మూడు సాళ్ల ఆట

బస్సు ఇంకా మార్టూరు దాటనేలేదు, దేవకుమారి అప్పటికే రెండుసార్లు దిగిపోయింది. మనసులోనే లెండి. పైకి మాత్రం కిటికీ పక్క సీటులో, ఒళ్లో సంచీ, సంచీలో నాలుగు గిన్నెల క్యారియర్, క్యారియర్ నిండా నాటుకోడి పులుసు పెట్టుకుని, ఫొటో దిగడానికి కూర్చున్న పెళ్లివారిలా బిగుసుకుని ఉంది. కండక్టర్ ఆధార్ కార్డు చూసి "ఎక్కడికమ్మా" అంటే "గుంటూరు" అని గట్టిగానే చెప్పింది, పక్కనున్న కాలేజీ పిల్ల తిరిగి చూసేంత గట్టిగా. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయినప్పటి నుంచి టికెట్ మీద సున్నా ఉంటోంది. ఆ సున్నాకు ఎక్కడ దిగినా ఒకటే, మధ్యలో చిలకలూరిపేటలో దిగినా అడిగేవాడు లేడు. అదే వచ్చిన చిక్కు. కొనుక్కున్న టికెట్ అయితే మధ్యలో దిగడానికి ప్రాణం ఒప్పేది కాదు. పోయిన నెల కోడలి సీమంతానికి ఇలాగే బయల్దేరి, పేట బస్టాండులో బస్సు ఆగీ ఆగగానే గాజులూ చీరా ఉన్న సంచీ కొడుకు ప్రసన్నకుమార్ చేతిలో పెట్టి, "నువ్వు పోయి ఇచ్చిరారా, నాకు కళ్లు తిరుగుతున్నాయి" అనేసి, ఎదురుగా ఉన్న ఒంగోలు బస్సెక్కి వెనక్కి వచ్చేసింది. కళ్లు తిరగలేదు, ఏమీ తిరగలేదు. నల్లపాడులో ఆ వియ్యపురాలి ఇంటి ముందు చెప్పులు విడవడం తలచుకుంటేనే కాళ్లు రామన్నాయి, అంతే. ఈసారి కొడుకు పక్కన కూడా లేడు. మార్టూరులో గ్రానైట్ పాలిష్ మెషీను దగ్గర డ్యూటీలో ఉన్నాడు, రేపు పొద్దున తిన్నగా ఆస్పత్రికే వస్తానన్నాడు. రేపు పొద్దున కోడలు క్రిస్టీనాను కానుపుకు చేరుస్తారు. కోడలికి తొలి కానుపు, తనకు తొలి మనవడో మనవరాలో, ఇంత జరుగుతుంటే పేటలో దిగిపోయే మనిషి ఉంటుందా? ఉంటుంది. ఆ మనిషి ఈ బస్సులోనే కిటికీ పక్కన కూర్చుని ఉంది.

అసలు తప్పంతా కోడికూరది. పెళ్లయి రెండేళ్లయింది, ఆ కూర గొడవ ఇంకా చల్లారలేదు. నల్లపాడు చర్చిలో పెళ్లి, చర్చి వెనక షామియానాలో భోజనాలు. దేవకుమారి మిరపకోతల మేస్త్రి. తన వెంట కోతకు వచ్చే ఆడవాళ్లు తన కొడుకు పెళ్లికి రాకుండా ఎక్కడికి పోతారు? ఉన్న చీరల్లో మంచివి కట్టుకుని, పూలు పెట్టుకుని, పాటలు పాడుకుంటూ రెండు ట్రాక్టర్లలో పిల్లాజెల్లాతో దిగారు. పెద్దమనుషులు లేచేదాకా ఆగి ఆగి మూడో బంతిలో కూర్చున్నారు. మూడో బంతికి కోడికూర అయిపోయింది. కూర అయిపోవడం తప్పేమీ కాదు, ఏ పెళ్లిలో అయిపోదు? కానీ వియ్యపురాలు సువార్త, మిషన్ స్కూల్ హాస్టల్లో వార్డెను, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన చీరలో గరిటె పట్టుకుని నిలబడి, "కూలోళ్లందర్నీ ట్రాక్టర్లలో వేసుకొస్తారని మాకేం తెలుసండీ" అంది. విస్తళ్ల ముందు కూర్చున్న ఆడవాళ్లు తలలు వంచుకున్నారు. తెల్లారిన దగ్గర్నుంచి వంగి పనిచేసే మనుషులే వాళ్లు, ఆ వంగడం వేరు, ఈ వంగడం వేరు. దేవకుమారికి ఒళ్లు మండిపోయింది. "ఈ కూలోళ్ల మేస్త్రి నీ గడప తొక్కితే అడుగమ్మా" అనేసి, తన వాళ్లందర్నీ విస్తళ్ల ముందు నుంచి లేపి తీసుకుపోయింది. దారిలో హోటల్ ముందు ట్రాక్టర్లు ఆపించి అందరికీ పరోటాలు పెట్టించింది, కొడుకు పెళ్లినాడు తను తిన్న పెళ్లిభోజనం ఆ పరోటాయే. అప్పటినుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు. "మీ అమ్మకు చెప్పవే" అని ఇటునుంచి, "మీ అత్తకు చెప్పు" అని అటునుంచి, మధ్యలో క్రిస్టీనా పోస్టుబాక్సులా నిలబడింది. ఇప్పుడు ఈ నాలుగు గిన్నెల పులుసు ఎందుకంటే, కోడలికి ఇష్టమని ఒక కారణం. ఈసారైనా తక్కువ పడకూడదుగా అని రెండో కారణం. ఆ రెండో కారణంతోనే పొద్దున్నే లేచి మసాలా నూరిందని దేవకుమారికి తెలుసు, నూరుతున్నంతసేపూ హాయిగా ఉందనీ తెలుసు.

బస్సు ముందు గ్రానైట్ బండ వేసుకున్న లారీ ఒకటి నడుస్తోంది. అది దారివ్వదు, ఇది దాటదు. అటూ ఇటూ మిరప చేలు, కాయ ఎర్రబడి, కళ్లాల్లో పరిచిన కాయ ఇంకా ఎర్రబడి, కిటికీలోంచి ఘాటు వచ్చి బస్సులో ఎవరో తుమ్మారు. దేవకుమారి తుమ్మలేదు. ఆమె ముక్కు ఏనాడో రాజీపడిపోయింది. రాజీపడనివి చేతులే, కోతల రోజుల్లో సాయంత్రానికి చేతులు భగభగమంటాయి, కొబ్బరినూనె రాసుకుని అరచేతులు గాలికి పెట్టుకుని అరుగు మీద కూర్చుంటుంది. అలా కూర్చున్నప్పుడే కదా క్రిస్టీనా వచ్చి పక్కన చతికిలబడి, "అత్తయ్యా, ఖాళీగానే ఉన్నావుగా, ఒకసారి ఈ బొటనవేళ్లు ఇటివ్వు" అంది. ఆరో నెల అప్పుడు. డాక్టరు పనేదీ ముట్టుకోవద్దని చెప్పింది, ఆ పిల్లకు తోచదు, పొద్దస్తమానం ఫోనులో ఫుట్‌బాల్. టీవీలో చూసే ఆట కాదు, ఆడే ఆట. ముగ్గురు ఇటు, ముగ్గురు అటు, మూడు నిమిషాల్లో అయిపోతుంది. అన్నం ఉడికే లోపు నాలుగు ఆటలు ఆడొచ్చు, ఓడిపోయానని ఏడ్చే లోపు ఇంకోటి మొదలవుతుంది. ఎడమ బొటనవేలు పరిగెత్తించడానికి, కుడి బొటనవేలు పాస్ ఇవ్వడానికీ కొట్టడానికీ. ముందు పేరు పెట్టాలంది. "మేస్త్రి అని పెట్టవే" అంది దేవకుమారి. తర్వాత బొమ్మను ఎంచుకోమంది. జుట్టు పైకి ముడేసిన సన్నటి ఆడపిల్ల బొమ్మను చూసి, పెళ్లికి ముందు తను అలాగే ఉండేదని చెప్పి దాన్నే తీసుకుంది. చొక్కా ఎరుపు, మిరపకాయ ఎరుపు, అందులో రెండో మాటే లేదు.

మొదట్లో అంతా బాగానే ఉంది, తెర మీద ఒక తెల్లటి చెయ్యి కనిపించి ఎక్కడ నొక్కాలో చూపించేది. చెయ్యి చూపించిన చోట నొక్కితే బంతి వెళ్లి వలలో పడేది, చప్పట్లు, కాగితం పూలు. ఇంత తేలికైన పనికి ఈ పిల్ల ఇంత కేకలు పెడుతుందేమిటి అనుకుంది. ఆ పాఠం అయిపోయి అసలు ఆట మొదలవగానే ఆ చెయ్యి మాయమైంది. "ఆ చెయ్యేదే?" అని అడిగితే "ఇంక అది రాదు అత్తయ్యా, నువ్వే ఆడాలి" అంది క్రిస్టీనా. మనిషికి పెళ్లి కూడా అంతే కదా, అనుకుంది దేవకుమారి, మూడు రోజులు అందరూ ఎక్కడ నిలబడాలో చూపిస్తారు, తర్వాత చూపించే చెయ్యే ఉండదు. నూనె చేతులతో వేలు ఎటు లాగితే బొమ్మ అటు జారిపోయేది. మొట్టమొదటి ఆటలో బంతి దొరికిన ఆనందంలో సూటిగా పరిగెత్తి, గట్టిగా కొట్టి, గోల్ వేసి, "చూశావా!" అని అరుగు మీద లేచి నిలబడింది. వేసింది తమ వలలోనే. ఆ పూట తొమ్మిది సున్నాతో ఓడిపోయారు. క్రిస్టీనా నవ్వి నవ్వి పొట్ట పట్టుకుంటే, "ఏమే, నొప్పా?" అని కంగారుపడింది. "నొప్పి కాదత్తయ్యా, లోపలుండే వాళ్లు కూడా నవ్వుతున్నారు" అంది కోడలు. రెండేళ్లుగా ఒక కప్పు కింద ఉంటున్నారు గానీ, ఆ పిల్ల తన భుజం మీద తల పెట్టి నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు కోసమే మర్నాడు కూడా నూనె తుడుచుకుని మరీ ఆడింది, ఇది ఎవరికీ చెప్పలేదు.

తర్వాత క్రిస్టీనా కానుపుకని పుట్టింటికి వెళ్లింది. వెళ్లిన మర్నాడే ఫోన్. "అత్తయ్యా, మూడో మనిషి దొరికింది. నువ్వు ఎడమ, నేను మధ్య, కుడివైపు పర్మనెంట్." అంతకుముందు మూడో చోట ఎవరెవరో తెలియని వాళ్లు వచ్చి, తన ఆట చూసి, తిట్టి పోయేవాళ్లు. "ఎవరే?" అంది దేవకుమారి. "అమ్మ." దేవకుమారి ఫోన్ పెట్టేసింది. పొయ్యి మీద ఎసరు చూసింది, గేదెకు నీళ్లు పెట్టింది, మళ్లీ ఎసరు చూసింది. ఆటే కదా, అనుకుంది చివరికి. గడప తొక్కడం లేదుగా. ఫోన్ తీసి ఆన్‌లైన్‌కి వచ్చేసరికి కుడివైపున కళ్లజోడు పెట్టుకున్న బొమ్మ ఒకటి, నీలం చొక్కాలో, ఇస్త్రీ చేసినట్టు నిటారుగా నిలబడి ఉంది. బొమ్మ పైన పేరు వార్డెన్. చూడగానే ఒళ్లు మండింది, కానీ ఆట మొదలైపోయింది, మండడానికి టైం లేదు.

"ఆంటీ, మీరు ఈ గేమ్ ఆడతారా?" బస్సులో పక్కనున్న పిల్ల దేవకుమారి చేతిలోని ఫోన్ తెర వంక తొంగిచూస్తోంది. మెడలో కాలేజీ కార్డు, దాని మీద తేజశ్రీ అని పేరు. ఆడతానన్నట్టు తలూపింది దేవకుమారి. "లెవెల్ ఎంత ఆంటీ?" "ఇంకొక్కటి గెలిస్తే సిల్వరు" అంది, అంటున్నప్పుడు గొంతులో తన్నుకొచ్చిన గర్వం తనకే వింతగా ఉంది. నిజమే, ఇంకొక్కటి. నాలుగింటికి ఆన్‌లైన్‌కి రమ్మంది క్రిస్టీనా. రేపు ఆస్పత్రికి పోతే మళ్లీ ఎన్నాళ్లకు ఆడతానో, ఈ పూట సిల్వర్ కొట్టేసి పోదామత్తయ్యా, బస్సులోనైనా సరే, అంది. పొద్దున ఇంకోమాట కూడా అంది, గొంతు తగ్గించి: "వస్తావుగా అత్తయ్యా? పేటలో దిగిపోవుగా?" వస్తానే, ఎందుకు రాను, అని కసిరింది. కసరడం తేలిక. కానుపు గదిలోకి పోయే ముందు ఆ పిల్ల తలుపు దగ్గర ఆగి చుట్టూ చూస్తే, చూసిన చోట తను లేకపోతే? పోనీ, వెళ్లి ఆ గుమ్మంలో నిలబడితే సువార్త ఏమంటుంది? ఏమీ అనకపోవచ్చు. రండి అని కూడా అనకపోవచ్చు. ఆ కళ్లజోడు లోంచి ఒకసారి కిందికీ పైకీ చూసి లోపలికి పోతే, అప్పుడు క్యారియర్ పట్టుకుని గుమ్మంలో తనేం చెయ్యాలి?

నాలుగయింది, బొమ్మలు మూడూ పచ్చటి గడ్డి మీదికి వచ్చాయి. అవతలి ముగ్గురి పేర్లూ ఏ భాషో, కుట్టుమిషను మీద తప్పుపడ్డ కుట్టులా వంకరటింకరగా ఉన్నాయి. ఎర్రచొక్కా ఎడమ, నీలం చొక్కా కుడి, మధ్యలో క్రిస్టీనా పసుప్పచ్చ చొక్కా. ఎడమ అంటే ఎడమే. ఇన్నాళ్లలో దేవకుమారి ఆ గీత దాటి ఇవతలికి వచ్చిన పాపాన పోలేదు. బంతి చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉన్నా సరే, మధ్యలోకి పోతే అది కోడలిది, కుడికి పోతే వియ్యపురాలిది. క్రిస్టీనా మొదట్లో నెత్తి కొట్టుకునేది. "అత్తయ్యా, బాల్ నీ పక్కనే ఉంది, తీసుకో!" "అది నా సాలు కాదే." "సాలేంటత్తయ్యా, ఇది ఫుట్‌బాల్!" ఆ పిల్లకేం తెలుసు, హాస్టల్ వార్డెన్ కూతురు. మిరపచేలో మునుం పట్టిన మనిషికి తెలుస్తుంది. పదిహేనుమంది ఆడవాళ్లు ఈ గట్టున వరసగా నిలబడి, తలా రెండు సాళ్లు పట్టుకుని, ఆ గట్టు దాకా కోసుకుంటూ పోతారు. పక్కదాని సాలులో కాయ ఎంత ఎర్రగా ఊరించినా చెయ్యి పెట్టకూడదు, పెడితే ఆ మనిషి బుట్టలోంచి తీసుకున్నట్టే, ఇంక ఆ మనిషిని మునుంలో ఎవరూ పక్కన నిలబడనివ్వరు. పాతికేళ్లుగా దేవకుమారి ఆ గీత దాటలేదు, తను దాటకుండా ఇంకొకరిని దాటనివ్వలేదు. వేళ్లు అక్కడ నేర్చుకున్నవే ఇక్కడా చేస్తాయి. పచ్చగడ్డి మీద ఎవరూ గీయని గీత ఆమెకు స్పష్టంగా కనిపిస్తుంది. తమాషా ఏమిటంటే, ఆ వార్డెనూ దాటదు. కుడివైపు గీత పట్టుకుని పైకీ కిందికీ నడుస్తుందే గానీ, బంతి మధ్యలో అనాథలా పడి ఉన్నా కాలు పెట్టదు. మీ ఇద్దరి పంతాల మధ్య ఈ పొట్టేసుకుని నేను పరిగెత్తలేక చస్తున్నా అంటుంది క్రిస్టీనా. పంతమేనా? పంతమే అయ్యుంటుంది, ఇంకేముంటుంది.

రెండు నిమిషాలు గడిచాయి, ఒకటీ ఒకటి. క్రిస్టీనా వేసిన గోల్‌కు దేవకుమారే పాస్ ఇచ్చింది, పక్కనుండి తేజశ్రీ "సూపర్ ఆంటీ" అని ఎగిరింది, వెంటనే అవతలి వాళ్లు తన కాళ్ల మధ్య నుంచే బంతి తీసుకుపోయి వేసేశారు. దేవకుమారి అలవాటుగా కింది బొత్తాం నొక్కింది, తన బొమ్మ తల మీద చిన్న బుడగలో సారీ అని వచ్చింది. ఈ ఆటలో నోటితో మాట్లాడక్కర్లేదు, నాలుగు మాటలు రాసిపెట్టి ఉంటాయి, నొక్కితే చాలు. పైది గుడ్ పాస్, పక్కది థాంక్స్, కిందది సారీ, ఆ పక్కది ఇంకో మ్యాచ్. ఇంగ్లీషు చదవక్కర్లేదు, చోటు గుర్తుంటే సరిపోతుంది. ఎంత వింతో చూడండి, కోడికూర సంగతిలో ఒక్క సారీ అనడానికి రెండేళ్లుగా చచ్చినా నోరు రాని ఇద్దరు ఆడవాళ్లు, ఈ నెలరోజుల్లో ఒకరికొకరు ఎన్ని సారీలు చెప్పుకున్నారో లెక్కలేదు. బంతి పోతే సారీ, పాస్ తప్పితే సారీ, ఫోన్ చేతిలోంచి జారితే సారీ. పొద్దున సారీ, పొద్దుగూకాక సారీ. ఒకసారి దేవకుమారి ఇచ్చిన పాస్‌కు సువార్త గుడ్ పాస్ అని పెట్టింది. దేవకుమారి ఆ రాత్రి అన్నం రెండోసారి వడ్డించుకుంది, ఎందుకో ఆకలేసింది మరి.

అంతలో కుడివైపు నీలం చొక్కా ఆగిపోయింది. పరిగెత్తుతూ పరిగెత్తుతూ, కాలు గాల్లో ఉండగానే, అవతలి గోల్ దగ్గర్లో నిలబడిపోయింది. తల మీద చిన్న ఎర్ర గుర్తు. సిగ్నల్ పోతే వచ్చే గుర్తు అది, చేలో ఆడితే దేవకుమారికీ వస్తుంది. కానీ ఆవిడ ఇంట్లో వైఫై ఉంది కదా, కోడలు ఎన్నిసార్లు చెప్పింది! కావాలనే ఆపేసిందా? నేను వస్తున్నానని తెలిసి ఆపేసిందా? రేపు నీకు నా ఇంట్లో ఇదే మర్యాద అని చెప్పడమా ఇది? చూశావా, అనుకుంది దేవకుమారి, చెవులు వేడెక్కాయి, పేటలో దిగిపోవడమే మంచిది, ఎవరెన్ని చెప్పినా దిగిపోవడమే మంచిది. బంతి దొర్లి దొర్లి కుడి సాలులోకి పోయింది. అవతలి వాళ్లు ఇద్దరు క్రిస్టీనాను చెరోవైపు నుంచి కమ్మేశారు. కుడి సాలులో బంతి ఒంటరిగా పడి ఉంది, తీసుకునే మనిషి లేదు. "వెళ్లండాంటీ, వెళ్లండి!" అంటోంది తేజశ్రీ. అది నా సాలు కాదు. నా సాలు కాదు గానీ, సాలు వెనకబడిపోయిందిగా. వెనకబడ్డ సాలు ఉంటే మునుంలో ఏం చేస్తారు? ముందుగా గట్టు చేరిన మనిషి కూర్చోదు. చుట్టూ తిరిగి, వెనకబడ్డ మనిషి సాలులో అటు చివరి నుంచి కోసుకుంటూ ఎదురొస్తుంది. ఇద్దరూ మధ్యలో ఎక్కడో కలుస్తారు. ఎదురు కోయడం అంటారు దాన్ని. అప్పుడు మాత్రం గీత దాటొచ్చు. అడిగి ఎదురు కోయించుకోరు, కోశామని చెప్పుకోరు, ఆ కాయలు ఆ సాలు మనిషి బుట్టలోకే పోతాయి. కోపం ఉన్న మనిషికి కూడా కోస్తారా? కోస్తారు. కోపం గట్టు మీద, కోత చేలో. తను ఎంతమందికి కొయ్యలేదు!

ఎర్రచొక్కా పిల్ల గీత దాటింది. నెలరోజుల్లో మొదటిసారి మధ్య సాలు దాటి, కోడలి పక్కనుంచి దూసుకుపోయి, కుడి సాలులో బంతిని అందుకుంది. బస్సు ఎక్కడో గుంతలో పడి క్యారియర్ ఒళ్లో ఎగిరింది, మోచేత్తో దాన్ని అదిమి పట్టి, ఎడమ బొటనవేలు తెర చివరిదాకా లాగి పట్టుకుంది. అవతలి వాడొకడు అడ్డం వచ్చాడు. వాడిని తప్పించిందో, వాడే జారాడో. పరిగెత్తుతుండగా ఆ మాట అప్పుడు తట్టింది, పరుగు మధ్యలో, అంత హడావిడిలో: మరి ఆవిడకు సాలు సంగతి ఎలా తెలుసు? హాస్టల్ పిల్లలకు గంట కొట్టే మనిషికి పక్కవాళ్ల సాలులో కాలు పెట్టకూడదని ఎవరు నేర్పారు? పంతమైతే ఒకసారైనా దాటేది, కోపంతోనైనా దాటేది. మా అమ్మమ్మ మిరపకోతలకు పోయేదంట అత్తయ్యా, సెలవుల్లో అమ్మ కూడా పోయేదంట, ఆ సంగతెత్తితే అమ్మకు నచ్చదు, అని ఎప్పుడో బట్టలు మడతపెడుతూ అంది క్రిస్టీనా. తను అప్పుడు పట్టించుకోలేదు. ఈ మనిషి మునుంలో పెరిగిన మనిషి. ఆ వేళ్లకూ ఆ మంట తెలుసు. తెలిసి ఆ మాట అంది, ఓసి నీ, అని తిట్టుకోబోయి, తిట్టు సగంలో ఆగిపోయింది, ఎందుకంటే గోల్ ముందు నీలం చొక్కా చిన్నగా కదిలింది. ఎర్ర గుర్తు పోయింది, గాల్లో ఉన్న కాలు కిందికి దిగింది. దేవకుమారి ఆలోచించలేదు, కుడి బొటనవేలే ఆలోచించింది. పాస్. నీలం చొక్కా ఒక్క తాపు తన్నింది, బంతి వలలో పడింది, అంతలోనే మూడు నిమిషాలూ అయిపోయాయి, కాగితం పూలు, బూరలు, తెర నిండా వెండిరంగు. నెలరోజుల్లో వార్డెన్‌కు మొదటి గోల్ అది. "సిల్వర్ ఆంటీ!" అని తేజశ్రీ ఆమె భుజం పట్టుకుని ఊపేసింది, ముందు సీటులో ముసలాయన ఏమైందోనని లేచాడు.

దేవకుమారి నవ్వుతోంది, కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి, మిరప ఘాటే అనుకోండి. థాంక్స్ అని వచ్చింది కళ్లజోడు బొమ్మ తల మీద. ఇప్పుడు గుడ్ అని ఏదో పెట్టాలి. నాలుగు మాటలున్నాయి. వేలు పై బొత్తాం దాకా పోయి ఆగింది. విస్తళ్ల ముందు నుంచి అందరినీ లేపి తీసుకుపోయినప్పుడు షామియానాలో ఆవిడ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోవడం వెనక్కి తిరిగి చూసింది తను. కూతురి పెళ్లిలో, నలుగురి ముందు. అది ఇన్నాళ్లూ తలచుకోలేదు, తన వాళ్ల తలలు వంగడమే తలచుకుంది. వేలు కిందికి వచ్చి సారీ నొక్కింది. తర్వాత కళ్లజోడు బొమ్మ తల మీద కూడా అదే మాట. మరుక్షణం వాట్సాప్‌లో క్రిస్టీనా గొంతు: "గెలిచాక సారీలేంటి మీ ఇద్దరికీ? బుర్రలు పనిచేస్తున్నాయా?" తేజశ్రీ కూడా అదే అడిగింది. దేవకుమారి చెప్పలేదు, చెప్పాలంటే కోడికూర దగ్గర్నుంచి చెప్పాలి.

బస్సు పేట బస్టాండులోకి తిరిగింది. తేజశ్రీ "బై ఆంటీ" అని దిగిపోయింది, సగం బస్సు ఖాళీ అయింది. ఎదురు ప్లాట్‌ఫారం మీద ఒంగోలు బస్సు, ముందు తలుపు తెరిచి, ఇంజను ఆపకుండా, పోయిన నెల నిలబడ్డ చోటే నిలబడి ఉంది. దేవకుమారి చెయ్యి సంచీ పిడి మీదికి పోయింది. పోతున్న చేతిని తనే చూస్తూ కూర్చుంది. బొత్తాం నొక్కడం ఒకటి, గడప తొక్కడం ఒకటి. తొక్కాక మళ్లీ ఆ చూపు చూస్తే? లేచి నిలబడితే నిలబడినట్టే, కాళ్లు వాటికవే అటు పోతాయి. అప్పుడు కనిపించింది. గుంటూరు నుంచి వచ్చిన బస్సు పక్కన, గంజిపెట్టిన చీర నలిగిపోయి, కళ్లజోడు చెమటకు జారిపోతుంటే పైకి తోసుకుంటూ, ఒక చేతిలో ఫోన్, ఫోనులో పచ్చగడ్డి ఇంకా వెలుగుతూ, ఒక్కో బస్సు కిటికీలోకీ తొంగి చూసుకుంటూ వస్తోంది సువార్త. ఈ కిటికీ దగ్గరికి వచ్చి ఆగింది.

"దిగుతున్నారా వదినా?"

వార్డెన్ గొంతు కాదది. "లేదు" అంది దేవకుమారి. అది నిజమని అన్నాకే తెలిసింది. చెయ్యి సంచీ పిడి వదిలేసింది. సువార్త గబగబా ఎక్కి వచ్చి పక్కన కూర్చుంది, కూర్చుని ఆయాసపడింది. ఇద్దరూ ముందు సీటు వెనక రాసి ఉన్న ప్రేమికుల పేర్లు కాసేపు శ్రద్ధగా చదివారు.

"దారిలో సిగ్నల్ పోయింది వదినా, బొమ్మ ఆగిపోయింది" అంది సువార్త. "మీరు నా సాలులోకి వచ్చారు కాబట్టి సరిపోయింది."

"మీరేంటి ఇంతదూరం? నేను రానా ఏంటి?"

సువార్త కళ్లజోడు తీసి కొంగుతో తుడిచింది, మళ్లీ పెట్టుకోలేదు. "పోయినసారి ఇక్కడిదాకా వచ్చి ఆగిపోయారంట కదా, క్రిస్టీ చెప్పింది. మా అమ్మ మునుంలో నేనే అందరికన్నా చిన్నదాన్ని వదినా. ఎప్పుడూ వెనకబడేదాన్ని, ఎండకు ఏడ్చేదాన్ని. తలెత్తి చూస్తే ఎవరో ఒకరు అటునుంచి నా సాలు కోసుకుంటూ వచ్చేవాళ్లు. కూలోళ్లు అన్న ఈ నోరు ఆ కూలితో పెరిగిన నోరే." ఆగింది. "అందుకే ఎదురొచ్చాను."

దేవకుమారి ఒళ్లోని సంచీ ఆవిడ వైపు జరిపింది. "కోడి పులుసు తెచ్చాను" అంది. "నాలుగు గిన్నెలు."

"గిన్నెలేం కనపడట్లేదు గానీ వాసన మాత్రం బస్టాండంతా ఉంది" అంది సువార్త. ముందు ఎవరు నవ్వారో తెలియదు, కండక్టర్ వచ్చి "ఆధార్ చూపించమ్మా" అని మూడుసార్లు అడిగేదాకా ఇద్దరికీ నవ్వు ఆగలేదు. ఇద్దరి ఫోన్లూ ఒకేసారి టింగుమన్నాయి. క్రిస్టీనా, మంచంలో పడుకుని, పొట్ట మీద ఫోన్ పెట్టుకుని: ఇంకో మ్యాచ్?

బస్సు గుంటూరు దారి పట్టింది. "మీరు ఎడమ, నేను కుడి" అంది సువార్త, వేళ్లు తుడుచుకుంటూ. "సర్లే గానీ" అంది దేవకుమారి, "అవసరమైతే అడక్కుండా వచ్చెయ్ వదినా, నేనేం అనుకోను." గుంటూరు చేరేలోపు వరసగా రెండు మ్యాచ్‌లు ఓడిపోయి, వచ్చిన సిల్వర్ కాస్తా పోయింది. ఎందుకంటే ఆ ఇద్దరిలో ఒక్కరు కూడా తమ సాలులో నిలబడలేదు, ఎంతసేపూ రెండోవాళ్ల సాలుకు ఎదురు పోవడమే.